నాలుగు పొలాల్లో ఒక గొంతు

నేను వెళ్లొచ్చిన ఊరి పేరు చెప్పను. పొదిలికి పదిపన్నెండు కిలోమీటర్ల దూరంలో, రోడ్డుకి బాగా లోపలగా ఉంటుందని మాత్రం చెబుతాను. పేరు బయటపెట్టనని అక్కడొక పద్నాలుగేళ్ల పిల్లవాడికి మాటిచ్చాను. మిగతాదంతా రాసుకోమన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: "నేను ఏడిచానని రాయొద్దు మేడం." వాడు ఏడవలేదు కాబట్టి నాకా ఇబ్బంది లేదు. ఏడ్చింది నేను, అదీ మిరపకాయ వల్ల.

హైదరాబాదులో సినిమాలకు డబ్బింగ్ చేయించడం నా పని. తెర మీద పెదాలు కదిలితే వాటికి సరిపడే గొంతు వెతికి అతికించాలి. రెండేళ్ల కిందట మావాళ్లు ఒక చిన్న సినిమా తీశారు. దానికింకా పేరు కూడా పెట్టలేదు. ఇద్దరు పన్నెండేళ్ల స్నేహితులు, ఇద్దరికీ కలిపి ఒక సైకిలు, ఏడో తరగతి అయ్యాక వాళ్లలో ఒకడు ఊరు వదిలి వెళ్లిపోవడం, అంతే కథ. చూసినవాళ్లు ముక్కు చీదుకుంటూ, నవ్వుకుంటూ బయటికొచ్చే రకం సినిమా. అందులో ఊళ్లో మిగిలిపోయే కుర్రాడిగా చేసినవాడు నాగూర్. అంతకుముందు కెమెరా మొహం ఎరగని పిల్లవాడు. గొంతులో సన్నని జీర ఉండేది. ఆ జీర కోసమే డైరెక్టరు వాణ్ణి ఎంచుకున్నాడు.

చివరి సీనులో స్నేహితుడెక్కిన బస్సు కదిలి వెళ్లిపోతుంటే నాగూర్ పత్తిచేను గట్టు మీద పరిగెడుతూ "ఆగరా! ఒరేయ్, ఆగరా!" అని కేకలు పెడతాడు. బస్సు ఆగదు. సినిమా అంతా ఆ కేక మీదే నిలబడింది. ఆరోజు రికార్డు చేసిన శబ్దమంతా పాడైపోయిందని మాకు ఇన్నాళ్లకు, అన్ని పనులూ పూర్తవుతుండగా తెలిసింది. మగపిల్లల గొంతులు మా దగ్గర మామూలుగా ఆడవాళ్లే చెబుతారు. ఆరుగురు చెప్పి చూశారు. డైరెక్టరు ఆరుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

సరే, మొహమాటపడితే పని జరగదని నాగూర్ వాళ్ల నాన్న కాశింకి ఫోన్ చేశాను. "అబ్బాయి గొంతు ఈపాటికి మారిపోయుంటుంది కదండీ?" అని అడిగాను.

"మారిందండీ. ఎప్పుడో మారింది," అన్నాడాయన. ఆ వెంటనే, మామూలు గొంతుతోనే, "పాతది మా దగ్గరే ఉందండీ. రండి, ఇస్తాను," అన్నాడు.

నేను భయస్తురాలిని కాను. కాకపోతే ఫోను పెట్టేశాక పట్టపగలు లేచి వెళ్లి ట్యూబులైటు వేసుకున్నాను.

చిలకలూరిపేట

గుంటూరులో రైలు దిగి, బస్సు మారి పేట చేరేసరికి ఎనిమిదయింది. ఫిబ్రవరి నెలే అయినా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పత్తి మిల్లులున్న వైపు రోడ్డు పక్క చెట్లన్నిటికీ దూది పట్టి ఉంది. కరెంటు తీగలకీ, లారీ అద్దాలకీ, టీకొట్టు రేకు చూరుకీ కూడా. గాలి లేదు. అయినా దూది పీచు మెల్లగా దిగుతూనే ఉంది. మా కోనసీమలో ఎటు చూసినా కొబ్బరాకుల పచ్చదనం చూసి పెరిగిన కళ్లు నావి. ఇక్కడ చెట్లకు కూడా తల నెరిసినట్టు కనిపించింది. టీకొట్టతను పన్నెండు రూపాయలు తీసుకుని, గ్లాసు మీద అట్టముక్క మూతపెట్టి మరీ ఇచ్చాడు. "దూది పడుద్దండీ," అన్నాడు. తీసి తాగేలోపే పడింది.

నా రికార్డరుకి బ్యాటరీలు కావాల్సి వచ్చి, మందు కొట్టే పంపులూ మోటారు సామాన్లూ అమ్మే కొట్లోకి వెళ్లాను. లోపల ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ వెనక కుక్కలు మొరుగుతున్నాయి. కొట్టాయన మాత్రం తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. చూస్తే గోడకి వరసగా చేటంత నోళ్లున్న ప్లాస్టిక్ మైకులు. ఏడుపు వాటిలో ఒకదాన్లోంచి వస్తోంది.

"మైకు డబ్బాలండీ," అన్నాడాయన. "పొలంలో కర్రకి కట్టి వదిలేస్తారు. పందులు రాకుండా, పిట్టలు వాలకుండా. ఎవురి గొంతు కావాలంటే ఆళ్ల గొంతు ఎక్కించుకోవచ్చు. ఈ ఎర్ర బటన్ నొక్కి అరిస్తే సరి, ఛార్జింగ్ ఉన్నంతసేపూ అదే అరుస్తా ఉంటది."

"మరి ఈ ఏడుపేంటండీ?"

"అదే ఎక్కువ పోయిద్దండీ. ఆడమనిషి ఏడుపు వినపడితే పందులు రావు." కాస్త ఆలోచించి, "మనుషులూ రారు," అన్నాడు.

నేనొక డబ్బా చేతిలోకి తీసుకుని "ఎంతండీ ఇది?" అని అడిగాను. ఆయన ఏడువందల యాభై అని చెప్పి, నవ్వి, తన ముందున్న ఇంకో డబ్బా మీద ఏదో మీట నొక్కాడు. ఆ డబ్బా నా గొంతుతో "ఎంతండీ ఇది?" అంది. మళ్లీ అంది. మళ్లీ అంది. నేనడిగేటప్పుడు ఆయన వేలు ఎర్ర బటన్ మీదుందన్నమాట. కొనకుండానే బ్యాటరీలు తీసుకుని బయటపడ్డాను. ఆయన దాన్ని ఆపలేదు. రోడ్డు దాటి బస్టాండులోకి వచ్చేశాక కూడా నా గొంతు అక్కడ నిలబడి బేరమాడుతూనే ఉంది. పాతది మా దగ్గరే ఉందని కాశిం అన్నమాటకి అర్థం అప్పుడు తెలిసింది. తెలిశాక ఇంకొంచెం ఎక్కువ భయం వేసింది.

దర్శి మీదుగా

అద్దంకి దాటాక బస్సు సగం ఖాళీ అయింది. దర్శిలో నా పక్క సీట్లో సుబ్బులు అనే ఆవిడ కూర్చుంది. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మొహానికి చుట్టిన తువ్వాలు. మిరపకాయలు కోసే కూలీలంతా ఇలాగే ఉంటారు, లేకపోతే ఒళ్లంతా మంటే. తువ్వాలు విప్పి జొన్నరొట్టె తీసి, పండుమిరపకాయ పచ్చడి పెట్టి సగం నా చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. రెండో ముద్దకే నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

"యా ఊరమ్మా మీది?"

"అమలాపురం దగ్గరండీ."

"అదీ సంగతి! బెల్లం తిని బతికేవోళ్లకి మా కారమెందుకు పెట్టానో," అని వీపు మీద నాలుగు చరిచింది. మా వైపు కొత్త మనిషితో మాట్లాడాలంటే ముందు పది 'ఆయ్'లూ, పదిహేను 'అండీ'లూ ఖర్చుపెడతాం. ఇక్కడ అంత ఓపిక ఎవరికీ లేదు. మొదటి మాటకే చుట్టాలైపోతారు, రెండో మాటకే తిడతారు.

నేను వెళ్లే ఊరు చెప్పగానే సుబ్బులు నమలడం ఆపింది. "నాలుగు పొలాల పిల్లోడి ఊరా?"

"నాలుగు పొలాలేంటి?"

"అక్కడ నాలుగు పొలాల్లో ఒకే పిల్లోడి గొంతు అరుస్తా ఉంటదమ్మా. మేం ఆ వంక కాయ కోతకి తెల్లారే పోతాం. పన్నెండు కాకముందే గట్టెక్కేస్తాం. మిట్టమధ్యాన్నం అక్కడుండం."

"అరిస్తే అరిచింది, అది డబ్బానే కదండీ?"

"అరిస్తే ఏం గాదు. అడుగుద్ది."

"ఏమని?"

"పోతన్నావుగా, వింటావులే. పలకబాక మటుకు. మనిషి కనపడకుండా పిలిస్తే మూడుసార్లు పిలిచిందాకా పలక్కూడదని మాయమ్మ చెప్పేది. ఇదేమో పొద్దుగూకులూ పిలస్తానే ఉంటది. దీనికేం లెక్కని పలుకుతాం?" అని సుబ్బులు మళ్లీ తువ్వాలు చుట్టేసుకుంది. తర్వాత పొదిలిదాకా ఆ సంగతి ఎత్తలేదు, కూతురు బీయిడీ చదువు గురించే చెప్పింది.

కాశిం ఇల్లు

పొదిలి బస్టాండుకి కాశిం బండి మీద వచ్చాడు. నలభై దాటిన బక్కపలచటి మనిషి. తాతల కాలంలో దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం, ఇప్పుడు కౌలుకి తీసుకుని మిర్చీ, పత్తీ, ఒక ఎకరం వేరుశనగా వేస్తున్నాడు. నాగూర్ వాళ్లమ్మ పుట్టింటివాళ్ల పెళ్లికి చీరాల వెళ్లిందట. ఇంట్లో కాశిం, వాళ్లమ్మ సైదమ్మ, నాగూర్ ఉన్నారు.

ఊరు దగ్గరపడేకొద్దీ దారికి రెండువైపులా మిరపకాయలు ఎండబోసిన కల్లాలు. నేల కనపడనంత ఎరుపు. మనిషన్నవాడు లేడు. ఇంత పంట ఇలా వదిలేసి జనమంతా ఎటు పోయారని అడిగితే, "భోజనాల టైమండీ," అన్నాడు కాశిం. అంత సులువైన జవాబుంటుందని నాకు తోచలేదు.

ఇంటి ముందు పందిరి కింద సైదమ్మ కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. దాన్ని మంచికాయలో కలిపితే ధర పడిపోతుంది. నేను పక్కన చతికిలబడి, పెద్ద తెలిసినదాన్నిలా నాలుగు కాయలు ఏరి, అదే చేత్తో కన్ను నులుముకున్నాను. ఇక చూసుకోండి నా అవస్థ. కళ్లు మూసుకుని గంతులేస్తుంటే ఎవరో నా చేతిలో చల్లటి తడిగుడ్డ పెట్టారు. పాలలో ముంచిన గుడ్డ. కాసేపటికి కళ్లు తెరిస్తే ఎదురుగా నాగూర్.

సినిమాలో వాడు నా భుజం కిందికి ఉంటాడు. ఇప్పుడు నేనే తలెత్తి చూడాల్సొచ్చింది. పై పెదవి మీద నూగు. మొహం మాత్రం ఆ మొహమే. మూడు నెలలుగా రోజూ తెర మీద చూస్తున్నానేమో, ఆ మొహం నోరు తెరవగానే ఏ గొంతు వస్తుందో నా చెవులు ముందే సిద్ధమైపోయాయి. వాడు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

"వాడు మాట్టాడడమ్మా," అంది సైదమ్మ. "ఏడాది దాటింది. బళ్లోనూ అంతే. పంతులు పాఠం చదవమంటే నిలబడతాడంట గానీ నోరిప్పడంట. అందరి పిల్లోళ్ల గొంతులూ మారతాయి, నేను చూళ్లేదా? వీడిది పోయిందే గానీ కొత్తది రాలా. గొంతుని డబ్బాలో పెట్టి ఎండలో వదిలేస్తే పిల్లోడికి ఇంకేం మిగులుద్ది? నేను ఆరోజే వద్దన్నా."

 కాశిం నాకు దోసకాయ పప్పూ గోంగూరా వడ్డించి, మజ్జిగ దగ్గర పెట్టి, "తిని బయల్దేరదామండీ," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం

ఒంటిగంటకి పొలం దారి పట్టాం. నాగూర్ మాతో వచ్చాడు గానీ తారురోడ్డు చివర ఆగిపోయాడు. పత్తి చివరి కోత కూడా అయిపోయి మోళ్లు నిలబడి ఉన్నాయి. విచ్చుకున్న కాయల్లో అక్కడక్కడా మిగిలిన దూది. పక్షి లేదు, మేక లేదు. మా అడుగుల చప్పుడు కూడా ఆ నల్లరేగడి మింగేస్తున్నట్టుంది.

అప్పుడు వినిపించింది.

"హోయ్! హేయ్! ఎవుర్రా అక్కడ! ఆగరా! ఒరేయ్, ఆగరా!"

జీరతో సహా అదే గొంతు. ఆరుగురు ఆడవాళ్లకి రానిది. నా పని అయిపోయిందని ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ వెంటనే, కేకలన్నీ అయిపోయాక, కొంచెం ఆయాసపడుతూ, మామూలుగా, పక్కనే నిలబడి అడిగినట్టు ఆ గొంతు అంది:

"నాన్నా, చాలా?"

ఒక్క రెప్పపాటు నిశ్శబ్దం. మళ్లీ "హోయ్! హేయ్!" అని మొదలైంది. చాలదు, ఇంకోసారి అరవమని ఎవరో చెప్పినట్టు.

 ఎడమవైపు పొలంలోంచి కూడా అదే గొంతు అందుకుంది. తర్వాత దూరంగా కుడివైపు నుంచి. ఆ తర్వాత మా వెనక నుంచి. నాలుగూ ఒకేసారి అరవవు. ఒకటి అరుస్తుంటే ఇంకొకటి అడుగుతుంది. "నాన్నా, చాలా?" "నాన్నా, చాలా?" అని ఎండలో నాలుగు దిక్కుల నుంచీ ఒక పిల్లవాడు అడుగుతున్నాడు. పలకొద్దన్న సుబ్బులు మాట గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఎందుకంటే నిజంగానే చాల్లే నాన్నా అనబోయాను.

కాశిం తల వంచుకుని చెప్పాడు. "సినిమావాళ్లు ఎళ్లిపోయిన నెలకి ఎక్కించానండీ. వీడి చేత అరిపించా. అరిచి అరిచి చాలా అన్నాడు. అప్పటికింకా నా ఏలు బటన్ మీదే ఉంది. చూసుకోలా. మళ్లీ అరిపిద్దామంటే గొంతు బొంగురు పోయింది, సర్లే అని కట్టేశా. ఆ ఏడు నా వేరుశనగలో ఒక్క పంది దిగలేదండీ. అది చూసి పక్క పొలాలోళ్లు కూడా డబ్బాలు తెచ్చి దీని ముందు పెట్టి ఇదే ఎక్కించుకున్నారు."

"మీకేమీ అనిపించదా అండీ?"

"మొదట్లో నేనూ చాల్లేరా అనేవాణ్ణి. నవ్వొచ్చేది. రోజూ ఎన్నిసార్లని అంటామండీ? ఇప్పుడు నాకు అసలు వినపడదు."

నేను రికార్డరు తీశాను. కాశిం ఇస్తానన్నదే, నేను వచ్చిందే అందుకు. డబ్బా నోటి దగ్గర మైకు పెట్టి మూడుసార్లు శుభ్రంగా ఎక్కించుకున్నాను. పని ముగించి తలెత్తితే, రోడ్డు చివర నాగూర్ ఇటే చూస్తూ నిలబడి ఉన్నాడు. గొంతు నా పక్కన అరుస్తోంది, మనిషి అంత దూరాన నోరు మూసుకుని ఉన్నాడు. రికార్డరు సంచీలో దాచుకున్నాను. దాచుకోవడం దేనికో ఆలోచిస్తే సిగ్గేసింది. ఎవరి గొంతో వాణ్ణి మాత్రం నేను అడగలేదు.

మర్నాడు పొద్దున

ఆ వైపు ఫిబ్రవరిలో కూడా మంచు పడుతుందని నాకు తెలియదు. తెల్లవారి కల్లం దగ్గర నిలబడితే పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. మంచులోంచి డబ్బాల అరుపు సన్నగా వస్తోంది. నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మేడం."

ఉలిక్కిపడి తిరిగాను. నాగూర్. ఆ ఒక్క ముక్కే రెండు గొంతులతో వచ్చింది, మొదలు కింద, చివర పైన. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పారిపోతాడేమోనని కదలకుండా నిలబడ్డాను.

"ఎక్కించుకున్నారుగా," అన్నాడు.

"ఎక్కించుకున్నాన్రా. నిన్ను అడగాల్సింది. తప్పే."

"దాన్ని తీసేపిచ్చండి మేడం. మా నాన్నకి చెప్పండి. నేను సైగ చేసి అడిగితే, కాయ అయిందాకా ఆగరా అంటన్నాడు. రెండేళ్ల నుంచీ అదే మాట." ఇంత పొడుగు మాట చాలారోజులకి అన్నాడేమో, మధ్యలో రెండుసార్లు గొంతు పగిలింది. పగిలినప్పుడల్లా నేలకేసి చూశాడు. "బళ్లో అందరూ ఒరేయ్, నీకంటే మీ డబ్బా బాగా మాట్టాడుద్దిరా అంటారు. నాకు వాణ్ణి చూస్తే భయం."

"ఎవర్ని?"

వాడు పొలం వైపు చెయ్యి చూపించాడు.

నేను సంచీలోంచి హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాను. రెండేళ్లుగా చెవులు మూసుకుంటున్న పిల్లవాడు, ఏమనుకున్నాడో, తీసుకుని పెట్టుకున్నాడు. మొదటిసారి పళ్లు బిగించి విన్నాడు. రెండోసారి తల కొంచెం పక్కకి వంచాడు. మూడోసారి అయ్యాక హెడ్‌ఫోన్స్ తియ్యకుండా గట్టిగానే అన్నాడు, చెవులు మూసుకున్నాయి కాబట్టి తన గొంతు తనకి తెలియలేదు:

"ఈడు చాలా చిన్నోడు మేడం."

"అవును, చిన్నవాడే."

"ఈణ్ణి ఎండలో పెట్టారు." హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా వైరు చుట్టి నా చేతిలో పెట్టాడు. "మీరు సినిమాలోకి తీసుకెళ్లిపోండి. అక్కడుంటే నాకేం పర్లేదు. ఇక్కడొద్దు."

నాకు అక్కడే వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. పద్నాలుగేళ్ల మగపిల్లవాడు, ఊరుకోడు కదా. సరేనని తలూపాను.

కాశింతో మాట్లాడటం నేననుకున్నంత తేలిక కాలేదు. "డబ్బా ఊరుకుంటే పందులు ఊరుకోవు మేడం గారూ. వేరుశనగ పీకడానికి ఇంకా మూడు వారాలుంది. కుక్క అరుపులు పెట్టి చూశాం, నాలుగు రోజులకి మరిగిపోయినయ్," అన్నాడు. నాకు వ్యవసాయం తెలియదు. కానీ ముందురోజు తను నాతో అన్నమాట తనకే చెప్పాను. "మీకు వినపడదన్నారు కదండీ. వాడికి వినపడుతోంది. చాలా అని అడిగి రెండేళ్లయింది, వాడికింకా జవాబు రాలేదు."  కాశిం లేచి బండి తాళం తీసుకున్నాడు. పన్నెండయ్యేలోపు నాలుగు డబ్బాలూ తెచ్చి పందిరి కింద పెట్టాడు. పక్క పొలాలవాళ్లకి ఏమని చెప్పాడో నేనడగలేదు.

ఆ మధ్యాహ్నం ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అందరూ ఇళ్లలోంచి బయటికొచ్చి పొలాలవైపు చూశారు.

అసురసంధ్య

మరి పందుల సంగతి? ఏదో ఒక గొంతు అరవాలి. సాయంత్రం కాశిం ఒక డబ్బా పట్టుకుని కొడుకు ముందు నిలబడ్డాడు. "నువ్వే అరవరా. ఇప్పుడెట్టా వస్తే అట్టా."

నాగూర్ తల అడ్డంగా ఊపాడు. తండ్రి బతిమాలలేదు, డబ్బా వాడి చేతికిచ్చి వెనక్కి జరిగాడంతే. వాడు డబ్బా పట్టుకుని వేరుశనగ చేలోకి ఒక్కడే నడిచాడు. వెలుగు పోతోంది. మేమిద్దరం గట్టు దగ్గర ఆగి మనిషి మసకబడేదాకా చూశాం. మొదటి కేక సగంలో విరిగింది. రెండోది గాలిలా వచ్చింది. కాశిం అరచేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు. మూడోసారి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో అడుగు నుంచి, ఎక్కడా పగలకుండా, పొడుగ్గా ఒక కేక వచ్చింది.

"హో...య్!"

పెద్ద మగగొంతు. అది ఆ పిల్లవాడిదంటే కళ్లారా చూస్తున్న నేనే నమ్మలేకపోయాను.  పక్కన కాశిం "యా అల్లా," అని ఆగిపోయాడు.

డబ్బాని కర్రకి కట్టి మీట వేసి నాగూర్ వచ్చాడు. ముగ్గురం ఇంటికి నడిచాం. వెనక చీకట్లోంచి ఆ కేక నిదానంగా, మళ్లీ మళ్లీ వస్తోంది.  వాకిట్లోకి రాగానే నా కాళ్లు ఆగిపోయాయి.

పందిరి కింద మిరపకాయల చేట పక్కకి ఒరిగి ఉంది. సైదమ్మ లేచి నిలబడి ఉంది. పైట తల మీదికి లాక్కుని ముసుగు సర్దుకుంటోంది. పొలంలోంచి కేక వచ్చింది. "వస్తన్నా, వస్తన్నా," అంటూ ముసలావిడ కుండ దగ్గరికి గబగబా నడిచి, చెంబు ముంచుకుని గుమ్మం దాకా వచ్చింది. ఆ నడక ముందురోజు నేను చూసిన నడక కాదు. మమ్మల్ని దాటి చీకట్లోకి చూస్తోంది.

"మా నాయన కేకండీ అది," అన్నాడు కాశిం నా చెవి దగ్గర.  "పొలం కాణ్ణించి వచ్చేటప్పుడు ఊరి బయటే అట్టా కేకేసేవాడు. అమ్మ కాళ్లకి నీళ్లు తెచ్చేది. ఆయన పోయి పదమూడేళ్లు. వీడప్పటికి ఉయ్యాల్లో ఉన్నట్టే లెక్క."

నాగూర్ నాయనమ్మ ముందుకి వెళ్లి నిలబడ్డాడు. ఏడాదిగా ఇంట్లో పెగలని నోరు తెరిచి, మెల్లగా అన్నాడు.

"నేనే నాయనమ్మా."

సైదమ్మ వాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. ముసుగు తియ్యలేదు. చెంబు వాడి చేతిలో పెట్టి, ఆ చేతిని మాత్రం వదల్లేదు.

"తెలుసులేరా. ఇంకొక్కసారి పిలువు."

వాడు పిలిచాడు.